గుర్తింపు సాక్షి

అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అయినా ఇది తొందరపడి రాసే సంగతి కాదు.

"మామ్మగారూ, ఈయన్ని బాగా చూడండి. గుర్తుపట్టారా?"

బెంజ్ సర్కిల్ దగ్గర మేడ మీద గది. అడిగింది నోటరీ లాయరు వెంకటకృష్ణారావు. పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని ఎదురు కుర్చీలోకి చూసింది. అందులో హర్షవర్ధన్, జుట్టుకి నల్లరంగు, చేతికి మూడు ఉంగరాలు. పక్కనే ఆయన భార్య సింధూరి, ఒళ్లో కాగితాల ఫైలు.

"చూస్తున్నానండి," అంది పెద్దావిడ.

"ఈయన అసలు పేరు గొర్రెపాటి రామకోటేశ్వరరావు. మీ పామర్రు మనిషే. ముప్ఫై ఏళ్లుగా హర్షవర్ధన్. ఆధార్, పాన్ అన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి. తండ్రి పొలం మాత్రం కొడుకు రామకోటేశ్వరరావుకి వస్తుంది. ఆ పేరుతో ఈయన దగ్గర ఒక్క కాగితమూ లేదు. ఇద్దరూ ఒకరేనని ఆ ఊరి పాతమనిషి ఎవరైనా చెప్పి సంతకం చేస్తే నేను స్టాంపు వేస్తాను. ఆ తర్వాత పేపర్లో ప్రకటన, గెజిట్, చివరికి పాస్‌బుక్కు."

ఆ పాతమనిషి కోసమే పొద్దున కారు డ్రైవరు దుర్గాప్రసాద్ పామర్రు వెళ్లాడు. రామకోటేశ్వరరావుని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అరుగు మీద కూర్చున్న ఈవిడనే ముందు అడిగాడు. ఆవిడ ఆ పేరు ఇంకోసారి చెప్పించుకుంది. "నాకు తెలుసు, పద" అని, చీర మార్చుకొచ్చి కారెక్కింది.

హర్షవర్ధన్ నవ్వుతూ ముందుకు వంగాడు.

"నన్ను మర్చిపోతే ఎట్టా పిన్నీ? మా వీధిలో మజ్జిగ పోసేదానివి నువ్వే కదూ?"

"పోశానండి. చాలా ఏళ్లు పోశాను."

"చూశారా లాయరుగారూ! అందులో నీళ్లెక్కువని మా అమ్మ నీతో రోజూ పోట్లాట."

"పోట్లాడేదండి పాపం. పోయేముందు నా చేతి మజ్జిగే రెండు చెంచాలు తాగింది."

హర్షవర్ధన్ ఉంగరం తిప్పుకున్నాడు. అమ్మ ఎప్పుడు పోయిందని మాత్రం అడగలేదు.

"త్వరగా కానివ్వండి సార్," అంది సింధూరి. "ఆ మూడెకరాలూ ఎవరో ఆడమనిషి దున్నించుకుని తింటోందట. కాగితం చేతికి రానీండి, నెల తిరక్కుండా ఖాళీ చేయిస్తాం."

"ఆవిడ ఎక్కడికి పోతుందమ్మా?" అంది పెద్దావిడ.

"మాకెందుకు మామ్మగారూ? ఎక్కడికైనా పోతుంది."

లాయరు అఫిడవిట్ ముందుకు జరిపాడు. "మీకు అనుమానం ఉంటే ఈయన్ని ఏదైనా అడగండి. అసలు మనిషైతే చెబుతాడు."

"ఒక్కటే అడుగుతానండి. రామకోటేశ్వరరావు పెళ్లాం పేరేంటి?"

సింధూరి గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. "పెళ్లామా? పెళ్లి కాకముందే ఊరొదిలేశానన్నారుగా?"

"ఈవిడకి మతి పోయింది," అన్నాడు హర్షవర్ధన్. "ఎవరో అనుకుంటోంది. నాకప్పటికి పెళ్లే కాలేదు."

"దుర్గమ్మ మీద ఒట్టేసి చెప్తారా?"

"ఎందుకు చెప్పను? దుర్గమ్మ సాక్షిగా నాకు సింధూరి ఒక్కతే భార్య."

పెద్దావిడ తల ఊపింది. లాయరు వైపు తిరిగింది.

"అయితే ఈయన ఆయన కాదండి. రామకోటేశ్వరరావుకి పందిరేసి పెళ్లి చేశారు. ఆ పెళ్లిలో నేనున్నాను. ఎనిమిదేళ్లు కాపురం చేశాడు. యూరియా కట్టలు తెస్తానని బెజవాడ వెళ్లాడు, తిరిగి రాలేదు. పన్నెండేళ్లు ఎదురుచూసి వాళ్ల నాన్న దర్భలతో బొమ్మ చేయించి, కాలవ గట్టున చితి పెట్టి కాల్చాడు. పదో రోజున పెళ్లాం గాజులు పగలగొట్టారు. పన్నెండో రోజున ఊరంతా భోంచేసింది. చితిలో కాలినాయన లేచొచ్చి పొలం అడుగుతాడా అండీ?"

"అబద్ధం!" హర్షవర్ధన్ లేచాడు.

"ఏది అబద్ధం?" అన్నాడు లాయరు. "పెళ్లా, కర్మా? పెళ్లయిందని ఒప్పుకోండి, ఆ భార్యనే పిలిపించి గుర్తుపట్టిస్తాను. ఒక్క నిమిషం పని."

హర్షవర్ధన్ నోరు తెరిచాడు. సింధూరి ఆయన నోటి వైపే చూస్తోంది.

"చెప్పండి, పెళ్లయిందా?" అంది.

"కాలేదు," అన్నాడు, కుర్చీలో కూలబడుతూ. "నాకు పెళ్లి కాలేదు."

"అయితే నేను స్టాంపు వెయ్యలేను. వేరే ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఇదే అడుగుతారు." లాయరు అఫిడవిట్ పక్కకి తోసి, తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాశాడు. "మామ్మగారూ, గుర్తుపట్టలేదని రాశాను. వేలిముద్ర వేస్తారా?"

"సంతకం చేస్తానండి. వివరాలు కూడా నేనే రాస్తాను."

ఆవిడ పెన్ను అందుకుంది. హర్షవర్ధన్ గొంతు తగ్గించాడు.

"నీకు నేనేం అపకారం చేశాను పిన్నీ?"

ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. రాయడం అయ్యాక, ఆయనకి సరిగ్గా కనపడేలా కాగితం ఆయన వైపు తిప్పింది.

గొర్రెపాటి మాణిక్యమ్మ, యాభై ఎనిమిదేళ్లు, పామర్రు.

కీర్తిశేషులు రామకోటేశ్వరరావు భార్యను.