అన్నీ అంటే అన్నీ

"ఒంటిమీద లోహం అన్నది ఉండకూడదు. గొలుసు, ఉంగరం, మొలతాడు, అన్నీ తీసి ఈ డబ్బాలో పడెయ్."

సురేష్‌బాబు ఫోన్లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. రాజమండ్రిలో ఆ స్కాన్ సెంటర్ తెరిచిన నాటినుంచీ ఎమ్మారై మిషను అతని చేతిలోనే ఉంది. పల్లెటూరి జనమంటే అతనికి ఒళ్ళుమంట. ఒకావిడ జడనిండా పిన్నులతో వస్తుంది. ఇంకొకడు మొలలో తాయెత్తు దాచుకుని వస్తాడు. బొమ్మ చెడితే చీవాట్లు మాత్రం సురేష్‌బాబుకి.

ఇవాళ వచ్చినవాడు జీవరాజు. మండపేట రైస్ మిల్లులో నలభై ఏళ్ళు మరల పక్కనే నిలబడి పనిచేసిన మనిషి. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కళ్ళు పసుపుకొమ్ముల్లా ఉన్నాయి. సాయంత్రానికి స్కాన్ అందితే రేప్పొద్దున్నే ఆపరేషన్. లేదంటే పెద్ద డాక్టరు గారు మళ్ళీ వారానికి గానీ రారు. అన్నాళ్ళు ఆగితే ప్రాణానికే ముప్పని చెప్పి మరీ పంపారు.

"ఆయ్, తీసేశానండి," అన్నాడు జీవరాజు ఒక్కొక్కటీ డబ్బాలో వేస్తూ. "ఇది కూడా తియ్యాలా బాబూ? ఇది తీస్తే మరి నాకు..."

"అన్నీ అంటే అన్నీ! బేరాలేంటి? ఇదేమైనా చేపల బజారా?"

డబ్బాలో ఏదో టక్కుమంది. సురేష్‌బాబు చూడకుండానే మూత పెట్టేశాడు.

బల్లమీద పడుకోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలిస్తూ ఎప్పుడూ చెప్పే పాఠం గబగబా అప్పజెప్పాడు. "గాలి పీల్చమంటే పీల్చాలి. ఆపమంటే ఆపాలి. లేకపోతే బొమ్మ గోవిందా! అర్థమైందా?"

జీవరాజు నవ్వి తల ఊపాడు.

సురేష్‌బాబు అద్దం అవతల కూర్చుని మైకు అందుకున్నాడు. "గాలి పీల్చు. ఆపు!"

జీవరాజు పొట్ట హాయిగా లేస్తూ పడుతూనే ఉంది. తెరమీద బొమ్మ అంతా అలుక్కుపోయింది.

"ఆపమన్నానా!"

రెండోసారీ అంతే. మూడోసారి గొంతు పగిలేలా అరిచాడు. ఆ మిషను మోతకి ఎంతటి మొనగాళ్ళైనా హడలి చస్తారు. ఈ మహానుభావుడు మాత్రం శుభ్రంగా నిద్రపోయాడు!

"దున్నపోతు మీద వాన," అని పళ్ళు నూరాడు సురేష్‌బాబు. "తవుడూ ఊకా తప్ప ఏం తెలుసు వీళ్ళకి!"

'రోగి సహకరించలేదు, స్కాన్ కుదరలేదు' అని కాగితం మీద గీకేశాడు. జీవరాజుని తట్టిలేపి, డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిపించుకొచ్చాడు. బెంచీ మీదున్న అతని భార్య లోవలక్ష్మి గాభరాగా లేచింది.

"ఏవమ్మా, మీ ఆయన బుర్ర మిల్లులో వదిలేసి వచ్చాడా? గంటనుంచి గొంతు చించుకుంటున్నాను, ఖాతరు చేస్తేనా! ఇంటికి తీసుకుపో. చెప్పిన మాట వినడం నేర్పించి, అప్పుడు తీసుకురా."

లోవలక్ష్మి మొగుడి మొహం చూసింది. తర్వాత సురేష్‌బాబుని ఎగాదిగా చూసి చెయ్యి చాపింది.

"అలాగే నేర్పిస్తానండి, ముందు మీరు ఆ డబ్బాలో వేయించిన ఆయన చెవి మిషను ఇలా ఇవ్వండి."