చెల్లెలి డాబా తెలుపు

"ఇంకో పూతా? మొన్న వేసింది చాల్లేదటా మీ పిన్నికి?" కింద నుంచే కేకేసింది తల్లి.

పక్కింటి డాబా మీద వంగి కుంచె ఆడిస్తున్న కూతురు తలెత్తలేదు. "దీనికి రెండు పూతలు పడాలమ్మా. ఎండలో నిలబడకు, లోపలికి పో."

పక్కిల్లంటే పరాయిది కాదు, సొంత చెల్లెలిది. ఒకే మేస్త్రీ ఒకే కొలతలతో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లు. కూతురి పరిశోధనకు ఈ జంట అందుకే కుదిరింది. ఏటికేడు ఎండలు ముదిరిపోతున్నాయి, గడప దాటనివాళ్లు కూడా వడదెబ్బకు పోతున్నారు, డాబా వేడిని ఆపగలిగితే కొన్ని ప్రాణాలైనా నిలుస్తాయని ఆ పిల్ల మూడేళ్లు ప్రయోగశాలలో కూర్చుని ఒక రంగు తయారుచేసింది. ఒక ఇంటికి ఆ రంగు, పోలిక చూడటానికి రెండో ఇంటికి మామూలుది. ఏ ఇంటికి ఏది వేశారో వేసవి దాటేదాకా ఇంట్లోవాళ్లకు చెప్పకూడదట. డబ్బాల మీద పేర్లు కూడా ఉండవు, అంకెలే. ఈ వేసవిలో ఫలితం తేలితే వందల ఇళ్లకు వేస్తారు. తేలకపోతే ఇంతటితో కట్టిపెట్టమన్నాడు ప్రయోగశాల పెద్ద సారు.

చెప్పడం దేనికి? తల్లికి కళ్లు లేవా?

చెల్లెలి డాబాకేమో కళ్లు చెదిరే తెలుపు. తన డాబాకు గంటలో ముగించిన బూడిద రంగు, అదీ ఒక్క పూత. "ఇంతేనా?" అని అడిగితే, "అంతే ఉందమ్మా, ఒక్కటే డబ్బా" అంది. అడుగూబొడుగూ తెచ్చి కన్నతల్లి మొహాన కొట్టిందన్నమాట.

దీనికి తోడు చెల్లెలి మురిపెం ఒకటి. "అక్కా, మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకున్నానంటే నమ్ము! నీ కూతురు చెయ్యి అలాంటిది."

"కప్పుకో, కప్పుకో. రెండు కప్పుకో" అని లోపలికి వచ్చేసింది అక్క.

కడుపులో మంట, దాని మీద భయం. ఫ్యాన్ ఆగిపోతే? కళ్లు తిరిగి పడి తల వంటగట్టుకు కొట్టుకుంటే? ఎవరైనా చూసేసరికి సాయంత్రమైపోతే? తను పోయాక ఆ పిల్ల పిన్నినే అమ్మా అని పిలుస్తుంది. ఇప్పటికే సగం పిలుస్తున్నట్టుంది.

గోడలకు వేడి కొలిచే పెట్టెలు బిగించి కూతురు వెళ్లిపోయింది. తల్లి ఒక వారం ఓర్చుకుంది. ఆ పైన ఓర్చుకోలేక దుకాణానికి పోయి బస్తాడు సున్నం తెచ్చింది. ఆ ఖరీదైన రంగు తనకెలాగూ దక్కదు, కనీసం తెల్లగానైనా ఉండాలి! నిచ్చెన జారితే నడుం విరుగుతుందని వణుకుతూనే పైకెక్కింది. జిగురు కలిపి, ఒకటి కాదు, రెండు పూతలు పట్టించింది. నడుం నిలబెట్టి పైనుంచే చూసుకుంటే రెండు డాబాలూ అచ్చం కవలల్లా ఉన్నాయి. ఎన్నాళ్లకో కంచం దగ్గర అన్నం సయించింది.

వేసవి పోయింది. కూతురు వచ్చి పెట్టెలు విప్పి, ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. చూసిందే మళ్లీ మళ్లీ చూసింది. మొహం పాలిపోయింది.

"అమ్మా, పన్నెండో తారీఖున ఏమైంది?"

"ఏమైందే? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదులే. ఆ రోజు నుంచి మనింట్లో వేడి తీరే మారిపోయింది. ఈ గీతలు చూడు, అచ్చం పిన్ని ఇంటిలాగే."

"ఉండదూ మరి!" తల్లి మొహం విచ్చుకుంది. "నువ్వు వెయ్యకపోతే నాకు చేతుల్లేవా?"

కూతురు లేచి నిచ్చెన వైపు పరుగెత్తింది.

"మెల్లగా ఎక్కవే! జారావంటే ఇంకేమన్నా ఉందా!"

దిగి వచ్చేసరికి ఆ పిల్ల వేళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. చివరి మెట్టు మీదే కూలబడింది.

"ఏం వేశావమ్మా?"

"సున్నం. పాలలాంటి సున్నం, రెండు పూతలు."

"ఎందుకు?"

"ఎందుకంటావేంటి? పిన్నికి మీగడ, కన్నతల్లికి బూడిదా? నేను ఆ కొంపలో ఉడికి చచ్చినా నీకు పట్టదా? చిన్నప్పుడు నీకు ఒళ్లు వెచ్చబడితే పక్కన కూర్చుని తడిగుడ్డలేసింది నేనా, మీ పిన్నా?"

"నువ్వేనమ్మా."

"మరి?"

కూతురు కళ్లు తుడుచుకుంది. తల్లికి జాలేసింది. పట్టుబడినందుకు సిగ్గుపడుతోంది కాబోలనుకుని పక్కనే చతికిలబడి గడ్డం పట్టుకుంది.

"పోనీలేవే, ఏడవకు. మనసులో పెట్టుకోనులే. ఎలాగూ వేసవి దాటింది కదా, ఇప్పుడైనా నిజం చెప్పు. పిన్నికి వేసింది ఏంటి?"

కూతురు తల్లి భుజం మీద తల వాల్చింది.

"సున్నమే అమ్మా."