ఖాళీ కుర్చీకి చప్పట్లు

"చప్పట్లు కొట్టాలమ్మా! చేతులు ముడుచుకుని కూర్చుంటే ఎట్లా?" అన్నాడు మెడలో తీగలు వేలాడేసుకున్న టీవీ ఆయన.

చౌడమ్మ కొట్టలేదు. కళ్ళార్పకుండా వేదిక వైపే చూస్తోంది. అక్కడ రెండు కుర్చీలు, నడుమ బల్ల, బల్ల మీద ప్లాస్టిక్ పూలు. కుర్చీల్లో ఎవరూ లేరు.

"ఎవురికి కొట్టల్ల సార్? ఆడ ఎవురూ లేరు గదా?" అని అడిగింది.

"ఉండరమ్మా. పెద్దవాళ్ళు తర్వాత వస్తారు. వాళ్ళ మాటలు వేరే తీస్తాం, మీ చప్పట్లు వేరే తీస్తాం. తర్వాత రెండూ కలిపి అతికిస్తాం. మేం ఎప్పుడూ చేసేది ఇదే. ఊఁ, నవ్వుతూ కొట్టండి!"

ఆదోని మార్కెట్‌యార్డు హాల్లో పత్తి బోరాలు ఒక మూలకు నెట్టి లైట్లు బిగించారు టీవీ వాళ్ళు. వచ్చిన రైతులంతా ఆ లైట్ల వేడికి చెమటలు కక్కుతూ చప్పట్లు కొట్టారు. చౌడమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కనున్న తమ్ముడు బజారి చేయి గట్టిగా పట్టుకుంది.

"విన్యావా రా? ఖాళీ కుర్చీకి కొట్టిచ్చినారని మీ బావ నెత్తీనోరూ కొట్టుకోని సెప్పినాడు. మనమే నమ్మకపోతిమి."

బజారి తల దించుకున్నాడు.

పోయినేడు బజారి పత్తిచేనుకు కొట్టిన మందు కల్తీది. పురుగు బతికింది, పైరు చచ్చింది. కాడెద్దుల్ని తోలుకుపోయి అమ్ముకుని, ఖాళీ కాడి ఇంట్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆ మందు అమ్మిన షావుకారును నిలదీసే మొనగాడు ఆదోనిలో ఎవడూ లేడు. అట్లాంటి సమయంలో టీవీ వాళ్ళు వస్తున్నారనీ, ఇదే హాల్లో రైతుల ముందు ఆ షావుకారుతో మాట్లాడిస్తారనీ తెలిసింది. చౌడమ్మ మొగుడు మారెప్ప మీసం మెలేశాడు.

"బామ్మర్దీ, నేను పోతా. లోకమంతా చూస్తాండంగా ఆ మందు సంగతి అడక్కపోతే నా పేరు మారెప్పే కాదు!" అని బస్సెక్కాడు.

ఆ కార్యక్రమం వచ్చిన సాయంత్రం పంచాయతీ ఆఫీసులో కొత్త టీవీ ముందు ఊరంతా కూర్చుంది. బజారి కూడా అక్క ఊరికి వచ్చి కూర్చున్నాడు. "రైతే నాకు దేవుడు" అన్నాడు తెరమీద షావుకారు. అన్నాడో లేదో, ముందు వరుసలో భుజాన కొత్త పచ్చ తువ్వాలుతో మారెప్ప కనబడ్డాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ చప్పట్లు కొడుతున్నాడు. మందు ఊసే రాలేదు.

"థూ!" అన్నారెవరో వెనకనుంచి. బజారి లేచి, బావ మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

"దేవరగట్టు మల్లయ్య మీద ఒట్టు చౌడీ! కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు కొట్టమన్యారు, కొట్టినా. అడుగుదామంటే మైకు నా దాకా తేలేదు," అన్నాడు మారెప్ప ఇంటికొచ్చాక.

"కొత్త తువ్వాలేసుకోని పెండ్లికొడుకు మాదిరి కూసుంటివి గదా! సిగ్గులేదూ?"

"వచ్చినోళ్ళందరికీ టీవీ వోళ్ళే ఇస్తిరి. వద్దంటే బాగుండదని ఏసుకున్యా."

చౌడమ్మ వినలేదు. ఆ తువ్వాలు పొయ్యిలో కుక్కి, ఎమ్మిగనూరు పక్కనున్న తమ్ముడి ఊరికి వచ్చేసింది. మారెప్ప ఎన్నిసార్లు వచ్చినా బజారి గడప తొక్కనివ్వలేదు. అయినా ఆమె మనసు ఒకచోట నిలవలేదు. టీవీ బండి మళ్ళీ ఆదోనికి వస్తోందని తెలియగానే, నిజమేదో కళ్ళతో చూడాలని తమ్ముణ్ణి లాక్కొచ్చింది.

"బావను కుక్కను తరిమినట్ల తరిమితి గదక్కా," అన్నాడు బజారి ఇప్పుడు. "ఈడినుంచి ఇట్లే మీ ఊరి బస్సెక్కుదాం. బావ కాళ్ళు నేనే పట్టుకుంటా."

"కాళ్ళెందుకు లేరా. ఇంటికి రా బావా అను, సాలు. ఆయప్పకు అంతకంటే ఏం కావల్ల?"

టీవీ ఆయన ఇంకోసారి కొట్టమన్నాడు. ఈసారి అక్కాతమ్ముళ్ళు అరచేతులు మండేలా కొట్టారు. "అద్దీ! ఆ అమ్మను చూసి నేర్చుకోండి," అని ఆయన మెచ్చుకున్నాడు. చౌడమ్మకు ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది.

అంతా అయ్యాక అందరికీ టీ ఇచ్చి పంపేశారు. గేటు దాకా వచ్చిన చౌడమ్మ ఆగిపోయింది.

"ఏందక్కా? బస్సు పోతాది."

"వట్టి చేతుల్తో ఎట్ల పోయేది రా? ఆయప్ప తువ్వాలు నేనే కాల్చేస్తి. అట్లాంటిదే ఒకటి తీసుకపోయి నా చేత్తో భుజానేస్తా. ఉండు."

గబగబా వెనక్కి వెళ్ళింది. టీవీ ఆయన తీగలు చుట్టుకుంటున్నాడు.

"సార్, మాకు తువ్వాలు ఇయ్యలేదు."

"ఏం తువ్వాలమ్మా?"

"పచ్చవి సార్. పోయినసారి షావుకారు మాట్లాడినప్పుడు వచ్చినోళ్ళందరికీ మీరే ఇస్తిరంట గదా? మా ఇంటాయన ముందు వరసలో కూసున్యాడు."

"ఓ, అవా!" ఆయన నవ్వాడు. "టీ పొయ్యడానికే మాకు దిక్కులేదు, తువ్వాళ్ళు మేమెక్కడ తెస్తామమ్మా?"

"మరి యాడివి సార్?"

"అవి షావుకారు తన మనుషులకు కప్పినవి."