గుడ్డ కప్పిన తంబుర

“ఆకురాయి కింద పెట్టు.”

గుమ్మంలోంచి ఫజలుద్దీన్ గొంతు వినగానే లింగం చెయ్యి ఆగిపోయింది. ఎదుట యాదన్న బాగుకిచ్చిన తంబుర ఉంది. పొద్దున ఫజలుద్దీన్ స్వయంగా దాని బుర్ర దుమ్ము తుడిచి, తీగలు బిగించే బిరడలకు సుద్ద రాసి, తీగల కింద నాదం పలికించే చెక్కపలకను నున్నగా అరగదీసి, శ్రుతి చూసి, పైన తెల్లగుడ్డ కప్పాడు. సంగారెడ్డి బజారులోని ఆ వాయిద్యాల దుకాణంలో ఉస్తాద్ గుడ్డ కప్పాడంటే పని అయిపోయినట్టే. ఆ తర్వాత దాన్ని సొంతదారే ముట్టుకోవాలి. పన్నెండేళ్లుగా పక్కన కూర్చుని పని చేస్తున్న శిష్యుడు లింగానికైనా ఆ హక్కు లేదు.

నమాజుకు బయల్దేరిన ఫజలుద్దీన్ టోపీ మరిచిపోయి మసీదు దారిలోంచి వెనక్కి వచ్చాడు కాబట్టి దొంగ దొరికాడు. లేకపోతే నమాజు ముగిసేదాకా వీడిదే రాజ్యం.

“ఏం జేస్తున్నవ్‌రా?”

లింగం ఏదో అన్నాడు.

“నోట్లె గొణుగుడేంది? నా ముఖం జూసి చెప్పు.”

“పలక జెర సాపు జేస్తున్న ఉస్తాద్.”

“నేను సాపు జేసినంక నువ్వు జేసేదేంది? నిజాం జమానా పోయింది గదా, దుకాణంల ఉస్తాద్ జమానా గూడ పోయిందనుకున్నవా?”

లింగం తంబుర మీద తెల్లగుడ్డ మళ్లీ కప్పబోయాడు. అది చూసి ఫజలుద్దీన్‌కు ఒళ్లు ఇంకా మండింది. ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. నమాజుకు పిలుస్తూ అజాన్ ఇచ్చే ముల్లాసాబు గొంతు ఈ మధ్య బొత్తిగా పడిపోయింది. “అజాన్ అయింది ఉస్తాద్, జల్దీ పోండ్రి” అంటూ రోజూ తనను దుకాణంలోంచి తరిమేది ఈ లింగమే. జోగిపేట వాళ్లయినా పటాన్‌చెరు వాళ్లయినా, వాయిద్యం తీసుకుపోవడానికి సరిగ్గా నమాజు వేళకే వస్తున్నారు. తాను తిరిగొచ్చేసరికి లింగంతో గుసగుసలాడి జారుకుంటున్నారు.

“ఎన్ని దినాలసంది నడుస్తుంది ఇది?”

“ఏడాది.”

ఫజలుద్దీన్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఏడాదిగా తన పనిని చెడగొట్టి, పైపైన మెరుగులు దిద్ది, పేరు వీడు కొట్టేస్తున్నాడన్నమాట. రేపో మాపో ఎదురుగానే దుకాణం తెరుస్తాడు. సొంత కొడుకులా చూసుకున్నందుకు ఇదా వీడు చేసేది?

“నా గిరాకినే గుంజుకుంటవా? లే. ఇగ ఈ గడప తొక్కకు.”

లింగం ఆకురాయి తుడిచి గూట్లో పెట్టాడు. వంగి పాదాలు తాకబోతే ఫజలుద్దీన్ కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. లింగం కళ్లు తుడుచుకుంటూ వీధిలోకి దిగిపోయాడు.

కోపంలో నమాజు సంగతే మరిచాడు ఫజలుద్దీన్. అంతలోనే ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి యాదన్న రానే వచ్చాడు. వస్తూనే లోపలికి తొంగి చూశాడు.

“లింగం లేడా?”

“ఎల్లగొట్టిన. వాడు పాడు జేసిన పలకను నీ ముంగటనే సాపు జేస్త, కూసో.”

యాదన్న వీధి వైపు చూసుకుంటూ చాప మీద కూర్చున్నాడు. ఫజలుద్దీన్ తీగలు వదులు చేసి, పలక మీద ఆకురాయి ఆడించి, పొట్టు ఊదేసి, నూనెగుడ్డతో అద్దాడు. బిరడలు బిగించి నాలుగు తీగలూ మీటాడు. వంక పెట్టడానికి లేదు. నలభై ఏళ్ల చెయ్యి ఇది, లింగంగాడి చెయ్యి కాదు.

“తీస్కపో. తంబుర అంటే గిట్లుండాలె.”

యాదన్న తంబురను ఒళ్లోకి తీసుకుని మీటాడు. మూడో తీగ దగ్గర ముఖం చిట్లించి ఆగి, మళ్లీ మీటాడు. తర్వాత మెల్లగా చాప మీద పెట్టేశాడు.

“లింగాన్ని పిలువుండ్రి ఉస్తాద్. రేపు గుళ్లె భజన ఉన్నది.”

“నువ్వు గూడ వాని దిక్కేనా?” ఫజలుద్దీన్ నూనెగుడ్డ విసిరికొట్టాడు. “అందరు కలిసి నా నోట్ల మన్ను గొడ్తరా? ఏం మందు పెట్టిండు వాడు మీకు?”

“మందు గాదు. ఒట్టు ఏపిచ్చుకున్నడు, వచ్చిపోయేటోళ్లందరితోని.”

“ఏమని?”

యాదన్న దగ్గరికి జరిగి గొంతు పెంచాడు.

“మీకు చెవుడొచ్చిన ముచ్చట మీకు చెప్పొద్దని.”