సౌనాలో ఊఁ కొట్టేదెవరు

"ఆ మాస్కు తీసి మాట్లాడు నాయనా. మొహం కనపడని మనిషితో నాకు మాట సాగదు," అంది హెల్వి.

డాక్టర్ లౌరిలా నవ్వి మాస్కు కిందికి లాగాడు. కుర్రవాడే. మీసం కూడా సరిగా రాలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఈ దగ్గు?"

"దగ్గుదేముంది, అదెప్పుడూ ఉండేదే. మా చెల్లెలి పోరు పడలేక వచ్చాను."

చెల్లెలు సిర్పా కోటు కూడా విప్పకుండా ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఏదీ సగంలో వదలదు.

"దగ్గు సంగతి తర్వాత, డాక్టరుగారూ. ముందు సౌనా సంగతి చెప్పమనండి," అంది.

మళ్ళీ సిర్పాయే అందుకుంది.

బావ తౌనో పోయి రెండేళ్ళయింది. సరస్సు ఒడ్డున ఆ చెక్కింట్లో అక్క ఒక్కతే ఉంటోంది. శనివారం వస్తే చాలు, పెరట్లో ఆవిరిస్నానం చేసే చెక్కగది, ఆ సౌనా వేడిచేసి, దీపం ఆర్పేసి, ఆవిర్లో చీకట్లో కూర్చుంటుంది. బావ ఉన్నప్పుడూ ఇద్దరూ అలాగే కూర్చునేవాళ్ళు. అక్క ఏదో అనేది. ఆయన ఊఁ కొట్టేవాడు. ఇక్కడి మగవాళ్ళందరిలాగే ఊపిరి లోపలికి పీల్చుకుంటూ కొట్టే ఊఁ. ముందుపన్ను విరిగి ఉండటం వల్ల తౌనో ఊఁ చివర సన్నగా ఈల పలికేది.

"మొన్న నేనూ కూర్చున్నానండీ. చీకట్లో ఎన్ని కబుర్లు చెప్పినా ఉలుకూ పలుకూ లేదు. ఉన్నట్టుండి, 'విన్నావా, మీ బావ ఊఁ అన్నాడు' అంది. మతి చలించిందనుకున్నాను. కానీ ఆ ఈల నాకూ వినపడింది. తువ్వాలు చుట్టుకుని మంచులోకి పరుగెత్తాను."

"ఆ అవతారం చూసి పక్కింటి కుక్క జడుసుకుంది," అంది హెల్వి.

డాక్టరు నవ్వలేదు. వెనక్కి వచ్చి వీపు మీద స్టెతస్కోపు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. హెల్వి కదలకుండా కూర్చుంది. సిర్పా మోకాలు తట్టింది.

"ఎక్కడుందక్కా నీ ధ్యాస? పీల్చు."

హెల్వి పీల్చింది. డాక్టరు ముందుకు వచ్చి ఛాతీ మీద ఆనించి, మళ్ళీ పీల్చమని చేత్తో చూపించాడు. చాలాసేపు విన్నాడు. ఏం పని చేసేవారని అడిగాడు. నూలు మిల్లులో నేత, ముప్పై ఏళ్ళు, అని చెప్పింది. స్కానింగు తీయించి, ఆ బొమ్మ చూసి నొసలు ముడిచాడు. గాలిగొట్టం లోపల ఎగుడుదిగుడుగా ఉందట. కెమెరా పంపి చూడాలన్నాడు.

హెల్వికి చావంటే భయం లేదు. సిర్పా మాటకే భయం. ఊపిరితిత్తుల్లో తేడా ఉన్నా, బుర్రలో తేడా ఉన్నా, ఒంట్లో ఇంకెక్కడ ఏ తేడా బయటపడినా ఇక ఒంటరిగా ఉంచేది లేదంది. ఇల్లూ సౌనా అమ్మించేసి పట్నంలో వృద్ధాశ్రమంలో చేరుస్తానంది. అన్నదంటే చేస్తుంది.

ఆశ్రమంలో అన్నీ ఉంటాయి. తౌనో ఉండడు.

కెమెరా గొట్టం వేసిన రోజు హెల్వికి సగం మత్తులో ఏమీ తెలియలేదు. ఫలితం చెప్పడానికి పిలిచిన రోజు మాత్రం డాక్టరు తనంతట తానే మాస్కు తీసేశాడు. పరీక్ష పాసైన పిల్లాడిలా ఉన్నాడు.

"చూడండి. గాలిగొట్టం ముందు గోడా, రెండు పక్కలా ఈ తెల్లటి బుడిపెలు. ముక్క తీద్దామంటే పట్టుకారు జారిపోయింది. అంత గట్టివి. వెనక గోడ చూడండి, ఎంత నున్నగా ఉందో. అదీ గుర్తు. అక్కడ మృదులాస్థి ఉండదు, అందుకే ఇవి పుట్టవు. ఎలాగో ఒక ముక్క తీసి పంపితే అందులో ఎముకే ఉందన్నారు."

"క్యాన్సరు..." అంది సిర్పా.

"కాదు. చాలా అరుదైన జబ్బు. ప్రాణానికేం భయం లేదు. నేను పుస్తకాల్లో చదవడమే గాని చూడటం ఇదే మొదలు. ఊపిరి తీసినప్పుడు గాలి ఆ బుడిపెలకు తగిలి ఈల వేస్తుంది. సౌనా వేడిలో ఊపిరి జోరెక్కుతుంది కదా, ఇంకా బాగా పలుకుతుంది. మీరు విన్నది అదే."

సిర్పా ఏడుస్తూ నవ్వింది.

"దెయ్యం నీ గొంతులోనే కాపురం పెట్టిందన్నమాట. నెల రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదు తెలుసా?"

"అయితే ఇల్లు అమ్మేది లేదుగా?"

"ఇంకేం అమ్మడం? నీకు పిచ్చి లేదని డాక్టరే తేల్చాక. ఉండు, నీ ఇష్టం."

హెల్వికి గుండెల మీది కుంపటి దించినట్టయింది. ఆ కుర్ర డాక్టరు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో సిర్పా రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా దారిపొడవునా మాట్లాడుతూనే ఉంది. హెల్వి గడ్డకట్టిన సరస్సును చూస్తూ కూర్చుంది.

శనివారం సాయంత్రం సౌనా వేడిచేసింది. దీపం ఆర్పి, మెట్లలా ఉన్న బల్లల్లో కింది బల్ల మీద కూర్చుని, కాలిన రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు చల్లింది. ఆవిరి మొహానికి కొట్టింది.

"తౌనో, నన్ను ఇక్కడే ఉండనిచ్చారు," అంది.

పై బల్ల మీంచి, ఊపిరి లోపలికి పీల్చుకుంటూ, చివర సన్నటి ఈలతో, ఊఁ అని వినపడింది.

మిల్లు మగ్గాల హోరుకు తౌనో బతికుండగానే తన రెండు చెవులూ పూర్తిగా పోయి, ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియనివ్వకుండా, నేతగత్తెలందరూ ఆ హోరులో నేర్చుకునే విద్యతో ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాటలు పోల్చుకుంటూ నెట్టుకొస్తున్న హెల్వికి, ఈ లోకంలో వినపడే చప్పుడు అదొక్కటే.