గోడకెక్కిన పేర్లు

"శనివారం పన్నెండింటిలోగా ఆ మెయిల్ నాకు కావాలి. లేదంటే నా కొట్టు ముందు నీ బల్ల ఉండదు" అన్నాడు ఊరంతా దోన్ పోపె అని పిలిచే కొట్టు యజమాని.

ఆ బల్ల మీదే విల్కిన్ ఆరేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాడు.

"ఎవరి మెయిల్?"

"కోకో కంపెనీ వాళ్లు లియోనిదాస్ మార్తే అనే భాగస్వామికి పంపింది. ఈ ఏటి ధర అందులో ఉంది."

"ఆ కంపెనీ మెయిళ్లకి తాళాలేశారుగా! పాస్‌వర్డ్ లేకపోతే దేవుడు కూడా చదవలేడు."

"దేవుణ్ణి అడిగానా? నిన్నడిగాను. ఆ యుదెల్కాకి మాత్రం తెలియకూడదు. తెలిస్తే నా పరువు పోతుంది."

ఆ తాళాలు వేసింది కంపెనీ ఆఫీసులో పనిచేసే యుదెల్కాయే. ఇళ్ల నుంచి పనిచేసే గుమాస్తాలకూ, బయటి భాగస్వాములకూ ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టించింది.

శుక్రవారం విల్కిన్ ఫోన్ బాగుచేసే వంకతో ఆ కంపెనీ ఆఫీసులోకి వెళ్లాడు. గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. 'పాస్‌వర్డ్ మరిచిన మహానుభావులు.' కింద నాలుగు పేర్లు. శాంతియాగోలో ఇంట్లోంచి పనిచేసే అమ్మాయి పేరు రెండుసార్లుంది.

"ఇదేంటక్కా?" అని యుదెల్కాని అడిగాడు.

"మార్తే గారి సలహా. మరిచినవాళ్లని గోడకెక్కించమన్నారు, సిగ్గొస్తుందని. నువ్వెందుకు నవ్వుతావ్, నీకిక్కడ మెయిలే లేదుగా!"

పదిన్నరకు కరెంటు పోయింది. కరెంటు పోతే ఆఫీసంతా కాఫీ గిన్నెతో వరండాలోకి చేరుతుంది. చేరింది. యుదెల్కా లాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతోంది. విల్కిన్ ఆమె పంపిన మెయిళ్లలో మార్తేది వెతికి తెరిచాడు. పంపినవాళ్ల దగ్గర దానికి తాళం లేదు. ఫోటో తీశాడు. మొదటిది మసకగా వచ్చింది. మళ్లీ తీశాడు.

గుమ్మంలో యుదెల్కా ఎదురైంది. "ఎక్కడికి పరుగు? కాఫీ తాగి పో."

తాగాడు. నాలుక కాలింది.

దోన్ పోపె ఫోటోను రెండుసార్లు చదివి, శిలువ గుర్తు వేసుకున్నాడు. వెంటనే ఫోన్ తీసి 'ధర సరే' అని ఎవరికో సందేశం పంపాడు.

"ఆ మార్తే కేసు పెడితే?" అన్నాడు విల్కిన్. "నేనొకసారి జైలుకి వెళ్లొచ్చాను. మళ్లీ వెళ్లలేను."

"పెట్టడు."

"మీకెలా తెలుసు?"

దోన్ పోపె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ మార్తే నేనేరా. పాస్‌వర్డ్ మరిచిపోయాను."