బొమ్మ వచ్చిందా?

"మొత్తం వైరు పీకీమంటావేటి వదినా?" నిచ్చెన మీద నుంచే అడిగాడు కేబుల్ అశోక్.

"పీకీ. రేపట్నుంచి వేట బంద్. నెలకి నూటేభై ఎక్కడ్నించి తెత్తాం?" అంది సూర్యకళ.

గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న ఆమె భర్త దాలయ్య తలెత్తాడు. "ఒసే, నలభై అయిదు రోజులు ఇంట్లో కూకోవాలి. క్రికెట్టు దేంట్లో సూడమంటావే?"

"డిష్షులో సూడు మావా. ఒక్కసారి కొనీసుకుంటే మరి నెలనెలా కట్టక్కర్లేదంట. మా అన్న ఆటోనగర్ నుంచి తెత్తన్నాడు."

ఆ సాయంత్రమే ఆమె అన్న వాళ్ళ ఊరు యారాడ వచ్చి డాబా మీద డిష్ బిగించాడు. ఎదురుగా, కాస్త ఎత్తులో ఉన్న ఇంటికి అప్పాయమ్మ కొత్తగా నల్ల అద్దాల కిటికీ పెట్టించింది. దాని మీద పడిన ఎండ పొద్దున్నే టీవీ ఉన్న తన ముందుగదిలోకి కొడుతోందని సూర్యకళ అన్న దగ్గర సణిగింది. అన్న మాత్రం తన బోల్టుల గురించే చెప్పుకున్నాడు. "తుఫానొచ్చినా ఇది కదల్దు సెల్లే!"

కదలదన్న ఆ డిష్‌తోనే సూర్యకళకు పనుంది.

చేపలు గుడ్లు పెట్టే ఆ నలభై అయిదు రోజులూ సముద్రం మీదికి వెళ్ళకూడదు. రోజూ సాయంత్రం ఆరింటికి, దాలయ్య వేటకెళ్ళే వరహాలు బోటు జట్టంతా ఒడ్డున కూర్చుంటుంది. ఎవరి జేబులోనూ డబ్బుండదు కాబట్టి సీసా వరహాలే కొంటాడు. గ్లాసు వద్దంటే మనిషిని వద్దన్నట్టే లెక్క. కిందటేడు పైడయ్య వద్దన్నాడు. ఇప్పటికీ ఏ బోటులోనూ అతనికి చోటు దొరకలేదు.

గ్లాసు వద్దనని దాలయ్య కిందటి జూన్‌లో రక్తం కక్కుకున్నాడు. పెద్దాసుపత్రిలో ఎనిమిది రోజులున్నాడు. "ఇంకో వేసవి ఇలాగే తాగితే మళ్ళీ ఇక్కడికి తీసుకురానక్కర్లేదమ్మా" అన్నాడు డాక్టరు, దాలయ్య వినేలాగే. సూర్యకళ ఏడ్చింది, ఒట్టేయమంది. "సూద్దాంలే" అన్నాడు దాలయ్య. అంతే.

నిషేధం మొదటిరోజు, ఆరుకి పది నిమిషాల ముందు సూర్యకళ టీవీ సౌండు ఆపేసింది. తెర మీద బొమ్మ నిక్షేపంలా ఉంది.

"మావా! బొమ్మ పోయింది!"

దాలయ్య గొణుక్కుంటూ డాబా ఎక్కాడు. "ఒచ్చిందా?"

"నేదు!"

"ఇప్పుడో?"

"గళ్ళు గళ్ళుగా వస్తంది! కొండేపు తిప్పు!"

వీధిలో వరహాలు జట్టు ఆగింది. "బావా, దిగు. ఎల్దాం."

"ఎలా రమ్మంటావు బావా? ఇది మొరాయిస్తంది. బొమ్మ రాకపోతే మీ సెల్లెలు కూడెట్టదు."

"డిష్షుని మనువాడేసినావేటి?" జట్టు నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఏడున్నరకి వాళ్ళు ఖాళీ సీసా ఒడ్డునే వదిలి తిరిగొచ్చారు. అప్పుడు సూర్యకళ కేకేసింది. "ఒచ్చింది మావా, దిగు!"

రోజూ అదే పని. ఒకరు పైన, ఒకరు కింద. అంత సేపు తిప్పినా బొమ్మ ఒక్కసారీ చెదరలేదు. అన్న బోల్టులు గట్టివే అనుకుంది సూర్యకళ.

మూడోవారం డాబా మీద నుంచి పెద్దగా నవ్వు వినిపించింది. కింద సూర్యకళ కూడా అప్పుడే టీవీలో వంట మాడ్చిన అల్లుణ్ణి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏటి మావా, నవ్వుతన్నావు?"

"కాకి! డిష్షు మీద వాలి జారిపోతంది!"

ముప్పయ్యో రోజున వరహాలు ఊరుకోలేదు. "ఇంత గొడవేటి బావా? లోపల బొమ్మ ఎలాగొస్తందో నాను సూత్తానుండు" అంటూ గుమ్మం మెట్టెక్కాడు. సూర్యకళ టీవీ ఆపబోయింది. రిమోట్ చేతిలోంచి జారి మంచం కిందికి పోయింది.

"బావోయ్, లోపలికెల్లకు!" పైనుంచి దాలయ్య అరిచాడు. "అది తానం సేత్తంది!"

వరహాలు నాలుక కరుచుకుని వెనక్కి తిరిగాడు. బొమ్మ గళ్ళుగా ఉందని అరనిమిషం క్రితమే కేకేసిన మనిషి స్నానం ఎలా చేస్తుందన్నది అతనికి తట్టలేదు. గండం గడిచిన కంగారులో సూర్యకళకూ తట్టలేదు.

ఆఖరి సాయంత్రం వచ్చింది. బోట్లకు కొత్త రంగులు పడ్డాయి. వీధిలోంచి వరహాలు కేకేశాడు. "ఈయేడు నీతో ఒక్క గ్లాసు పడనేదు బావా! నీ డిష్షు పాడుగాను! తెల్లారకుండా వచ్చీ, నీ చోటు నీదే."

జట్టు మలుపు తిరిగింది. సూర్యకళ టీవీ అలాగే వదిలేసి, టీ గ్లాసుతో ఆ నెలన్నరలో మొదటిసారి డాబా ఎక్కింది. దాలయ్య పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. డిష్ అతని వీపు వెనక ఉంది. దాని బోల్టుల మీద అన్న పూసిన గ్రీజు వేలిముద్ర కూడా పడకుండా ఉంది.

"మావా, నాను నీకో అబద్ధం సెప్పినాను. నలభై అయిదు రోజులూ సెప్పినాను."

"ముందు టీ ఇయ్యి." దాలయ్య గ్లాసందుకుని పక్కకి జరిగాడు. "ఇలాగొచ్చి కూకో. ఇక్కడ్నించి బాగుంటాది."

ఆమె కూర్చుని, అతను చూస్తున్న వైపు చూసింది.

అప్పాయమ్మ కిటికీ నల్లద్దంలో తమ టీవీ బొమ్మ నిక్షేపంలా కనిపిస్తోంది.